ప్రేమా, ప్రాణభయమా: రొమాంటిక్ సస్పెన్స్‌లో ముందు ఏ నవల పట్టుకోవాలి, చదివాక దాని గురించి ఎలా రాయాలి

"రొమాంటిక్ సస్పెన్స్ మొదలుపెడదామనుకుంటున్నాను, ఏది చదవమంటారు?" అని అడిగి చూడండి. ఒకరు 'రెబెకా' అంటారు, ఇంకొకరు 'వెరిటీ' అంటారు. ఒకటి 1938 నాటిది, రెండోది 2018లో వచ్చింది. రెంటిలోనూ ఒక ఇల్లు, ఒక మగవాడు, అతని భార్య నీడ, కొత్తగా ఆ ఇంట్లో అడుగుపెట్టిన ఆడమనిషి ఉంటారు. అంతవరకే పోలిక. మొదటిది గుండెలకి హత్తుకున్న పాఠకురాలు రెండోదాన్ని విసిరికొట్టొచ్చు. రెండోదాన్ని ఒక్క రాత్రిలో పూర్తిచేసినవాళ్ళు మొదటిది యాభయ్యో పేజీ దగ్గరే వదిలేయొచ్చు. అందుకే "మంచి నవల ఏది" అనే ప్రశ్న పక్కనపెట్టి, "మీకు నప్పేది ఏది" అన్నదే చూద్దాం.

నేను తీసుకున్నవి ఐదు: డాఫ్నీ డు మారియర్ 'రెబెకా', మేరీ స్టూవర్ట్ 'నైన్ కోచెస్ వెయిటింగ్', జె.డి. రాబ్ 'నేకెడ్ ఇన్ డెత్', నోరా రాబర్ట్స్ 'ది విట్నెస్', కొలీన్ హూవర్ 'వెరిటీ'. రాబ్ అన్నది నోరా రాబర్ట్స్ కలంపేరే, ఇద్దరూ ఒకరే. అయినా ఆ రెండు పుస్తకాల తీరు వేరు, అందుకే రెండూ ఉంచాను. చివర్లో ఏం జరుగుతుందో మాత్రం ఏ నవల గురించీ చెప్పను.

## దేన్నిబట్టి ఎంచుకోవాలి

అన్నిటికన్నా ముందు చూడాల్సింది ప్రేమకీ భయానికీ మధ్య ఉన్న ముడి. నవల్లోంచి ప్రేమకథని తీసేసి చూడండి. హత్య, విచారణ, నేరస్థుడు దొరకడం ఎక్కడివక్కడే నడిచిపోతుంటే అది క్రైమ్ నవల. అందులో ప్రేమ విస్తరిలో ఓ పక్కన వేసిన పచ్చడి మాత్రమే. అసలైన రొమాంటిక్ సస్పెన్స్‌లో "ఇతన్ని ప్రేమించొచ్చా?" అన్నదీ "ఇతని వల్ల నా ప్రాణానికి ముప్పుందా?" అన్నదీ ఒకే ప్రశ్న. ఒకదానికి జవాబు దొరికితే రెండోదానికీ దొరికినట్టే. నేను ఈ కొలతకే పెద్దపీట వేస్తాను.

తర్వాత ముగింపు. రొమాన్స్ రైటర్స్ ఆఫ్ అమెరికా అనే రచయితల సంఘం రొమాన్స్ నవలకి రెండు షరతులు చెప్పింది. ప్రేమే కథకి కేంద్రం కావాలి, ముగింపు మనసుకి తృప్తినిచ్చి ఆశ కలిగించేలా ఉండాలి. ఈ హామీ ఉంటేనే కొందరు మధ్యలో వచ్చే భయాన్ని తట్టుకోగలరు. ఇంకొందరికి హామీ ఉందని తెలిస్తే భయమే పుట్టదు. మీరు ఏ రకమో ముందే తేల్చుకుంటే సగం పని అయిపోయినట్టే.

హింస, శృంగారం ఎంత బాహాటంగా ఉన్నాయన్నది మూడోది. ఇది మొహమాటపడే విషయం కాదు. పిల్లల మీద హింస చదవలేనివాళ్ళు చాలామంది ఉన్నారు, ఆ సంగతి వాళ్ళకి ముందే తెలియాలి. ఇక మన దగ్గర ఇంకో లెక్క కూడా ఉంది, ఇంగ్లీషు. తెలుగు మీడియంలో చదువుకుని ఇప్పుడిప్పుడే ఇంగ్లీషు నవలలు చేతికి తీసుకుంటున్నవాళ్ళకి కథ ఎంత బాగున్నా వాక్యం అడ్డం పడితే లాభం లేదు.

| నవల | వచ్చిన ఏడాది | ప్రేమకీ భయానికీ ముడి | ముగింపు మీద భరోసా | హింస, శృంగారం | ఇంగ్లీషు |
|---|---|---|---|---|---|
| రెబెకా | 1938 | చాలా గట్టిది | తక్కువ | దాదాపు లేవు | కష్టం, నెమ్మది |
| నైన్ కోచెస్ వెయిటింగ్ | 1958 | అన్నిటికన్నా గట్టిది | ఎక్కువ | చాలా తక్కువ | మధ్యస్థం |
| నేకెడ్ ఇన్ డెత్ | 1995 | మొదట గట్టిది, పోనుపోను వదులు | ఎక్కువ | రెండూ ఎక్కువ | తేలిక |
| ది విట్నెస్ | 2012 | వదులు | చాలా ఎక్కువ | ఓ మోస్తరు | తేలిక |
| వెరిటీ | 2018 | గట్టిది, ఊపిరాడనివ్వదు | లేదు | రెండూ చాలా ఎక్కువ | చాలా తేలిక |

## రెబెకా

మాంటీ కార్లోలో ఒక డబ్బున్న అమెరికన్ ఆవిడ దగ్గర తోడుగా పనిచేసే అమ్మాయి, తన వయసుకి రెట్టింపు వయసున్న మాక్సిమ్ డి వింటర్‌ని పెళ్ళిచేసుకుని మాండర్లీ అనే పెద్ద బంగళాకి వస్తుంది. అతని మొదటి భార్య రెబెకా చనిపోయి ఏడాది దాటింది. అయినా ఆ ఇంట్లో పూలు అమర్చే తీరు, వంటల జాబితా, పనివాళ్ళ అలవాట్లు అన్నీ రెబెకావే. కథ చెప్పే అమ్మాయి పేరు మాత్రం నవల మొత్తంలో ఎక్కడా ఉండదు.

ఈ నవల శక్తి ఎక్కడుందో చూపించడానికి ఒక చిన్న సంగతి చాలు. కొత్త పెళ్ళికూతురు రెబెకా బల్ల ముందు కూర్చుని ఉండగా ఇంట్లో ఫోన్ మోగుతుంది. "మిసెస్ డి వింటర్?" అని అవతలి గొంతు అడుగుతుంది. ఆవిడ చనిపోయి ఏడాది పైనే అయిందని ఈ అమ్మాయి జవాబిస్తుంది. ఇప్పుడు ఆ పేరు తనదేనని ఆ తర్వాత గానీ తట్టదు. అదే గదిలో ఖరీదైన పింగాణీ బొమ్మ ఒకటి తన వల్ల పగిలితే, ముక్కల్ని ఎవరికీ కనపడకుండా సొరుగులో దాచేస్తుంది. ఇంటి యజమానురాలు చేసే పనా అది? తిట్లు పడతాయని వణికే పనిపిల్ల చేసే పని. ఇక్కడ కత్తి లేదు, తుపాకీ లేదు, చీకట్లో అడుగుల చప్పుడు లేదు. అయినా చదివేవాళ్ళ గొంతు తడారిపోతుంది.

లోటు గురించి కూడా చెప్పాలి. మొదటి మూడో వంతులో బయటికి కనిపించే సంఘటనలు చాలా తక్కువ. ఆ అమ్మాయి పిరికితనం కొందరికి విసుగు తెప్పిస్తుంది. తోటలు, సముద్రం, వాన మీద పొడుగాటి వాక్యాలుంటాయి. పైగా డు మారియర్ దీన్ని ప్రేమకథ అనుకోలేదు, అసూయ మీద రాసిన నవల అనే అనుకుంది. తీయని ప్రేమ కోసం వెళ్ళినవాళ్ళకి నిరాశే. 1940లో హిచ్‌కాక్ తీసిన సినిమా చూశాం కదా అని నవల వదిలేయకండి. అప్పటి హాలీవుడ్ సెన్సార్ నియమాల కోసం అందులో ఒక ముఖ్యమైన సంగతి మార్చారు, దాంతో మాక్సిమ్‌ని చూసే చూపే మారిపోయింది. హిందీలో వహీదా రెహమాన్ నటించిన 'కోహ్రా' (1964)కి కూడా మూలం ఈ నవలే.

## నైన్ కోచెస్ వెయిటింగ్

ఐదింటిలో ఒక్కటే చదువుతానంటే నేను చేతిలో పెట్టేది ఇదే.

లిండా మార్టిన్ అనాథ. తల్లి ఫ్రెంచి, తండ్రి ఇంగ్లీషు. ఫ్రాన్స్‌లో ఆల్ప్స్ కొండల్లోని వాల్మీ కోటలో తొమ్మిదేళ్ళ ఫిలిప్‌కి చదువు చెప్పడానికి వస్తుంది. ఆ ఇంటివాళ్ళకి కావాల్సింది ఇంగ్లీషు అమ్మాయి కాబట్టి, ఉద్యోగం పోతుందేమోనని తనకి ఫ్రెంచి వచ్చన్న సంగతి దాచిపెడుతుంది. ఇది చిన్న అబద్ధమే. కానీ ఆ ఇంట్లో ఆమె ముందు ఎవరు ఏం మాట్లాడినా ఆమెకి అర్థమవుతుంది, ఆ సంగతి వాళ్ళకి తెలియదు. ఈ ఒక్క ఏర్పాటుతోనే రచయిత్రి ప్రతి సంభాషణనీ సస్పెన్స్‌గా మార్చేసింది. ఆస్తీ బిరుదూ ఆ పిల్లాడివి. వ్యవహారం నడిపేది చక్రాల కుర్చీలో ఉండే చిన్నాన్న లియోన్. లియోన్ కొడుకు రౌల్ మీద లిండా మనసు పడుతుంది. పిల్లాడికేమో వరసగా "ప్రమాదాలు" జరుగుతుంటాయి.

ఇక్కడ ముడి ఎలా పడిందో గమనించండి. తన ప్రాణం ఒక్కటే అయితే ప్రేమించిన మనిషిని నమ్మి తెగించొచ్చు. కానీ ఇక్కడ పణంగా ఉన్నది తొమ్మిదేళ్ళ పిల్లాడి ప్రాణం. ప్రేమ ఎంత నిజమైనా, పిల్లాడి కోసం ఆమె రౌల్‌ని అనుమానించక తప్పదు. "నమ్మకం లేని ప్రేమ ప్రేమేనా?" అని అడిగేవాళ్ళకి ఈ నవల ఇచ్చే జవాబు నాకు చాలా ఇష్టం. నమ్మకపోవడం కూడా కొన్నిసార్లు బాధ్యతే. లిండా ఎవరో వచ్చి కాపాడతారని ఎదురుచూసే రకం కాదు, తనే ఆలోచించి నిర్ణయం తీసుకుంటుంది. 1958లో ఇలాంటి కథానాయికని రాయడం చిన్న విషయం కాదు.

ఇబ్బందల్లా అధ్యాయాల మొదట్లో వచ్చే పాత ఇంగ్లీషు కవితల పంక్తులు, అక్కడక్కడా ఫ్రెంచి మాటలు. వాటిని దాటేసి చదివినా కథకి లోటు రాదు. ప్రేమ వ్యవహారం కాస్త తొందరగా కుదిరిందని కొందరు అంటారు. ఆ మాటలో నిజముంది.

ఇలాంటి పెద్ద ఇల్లు, పిల్లకి చదువు చెప్పే టీచరు, రహస్యమున్న యజమాని అనే అమరికకి అసలు మూలం 1847లో వచ్చిన 'జేన్ ఐర్'. అదే బాటలో విక్టోరియా హోల్ట్ 'మిస్ట్రెస్ ఆఫ్ మెలిన్' (1960) కూడా వచ్చింది. 'రెబెకా' వాతావరణం నచ్చి, ఆ నిదానం భరించలేనివాళ్ళు హోల్ట్ దగ్గరికి వెళ్ళొచ్చు.

## నేకెడ్ ఇన్ డెత్

2058లో న్యూయార్క్. హత్యల విచారణ చూసే పోలీసు లెఫ్టినెంట్ ఈవ్ డాలస్. ఆమె అనుమానితుల జాబితాలో ఉన్న కోటీశ్వరుడు రోర్క్. విచారించాల్సిన మనిషి మీదే మనసు పడితే ఏమవుతుందన్నది మొదటి పుస్తకంలో అసలు పేచీ. ఆ కాలంలో అసలైన కాఫీ దొరకడం గగనం. అది తెలిసి అతను ఆమెకి అసలైన కాఫీ పంపిస్తాడు. బంగారం కన్నా ఆ పొట్లమే ఆమెని ఎక్కువ కదిలిస్తుంది. ఈ ఒక్క వివరంలో ఆ లోకమూ ఆ మనిషీ ఇద్దరూ పట్టుబడిపోయారు.

ఇది వరస నవలల్లో మొదటిది. ఈ వరస ఇప్పటికే యాభై దాటింది. జంట అదే, కేసు మారుతుంది. కాబట్టి మొదటి పుస్తకంలో ఉన్న "ఇతన్ని నమ్మొచ్చా" అన్న భయం తర్వాతి వాటిలో ఉండదు. దాని బదులు ఒక కాపురం ఏళ్ళ తరబడి ఎలా గట్టిపడుతుందో చూసే సంతోషం దొరుకుతుంది. అది తక్కువదేమీ కాదు, కానీ రుచి వేరు. ఒక హెచ్చరిక: ఈ మొదటి పుస్తకంలో హత్యల వర్ణన ఉంది, చిన్నతనంలో జరిగిన లైంగిక హింస ప్రస్తావన ఉంది.

## ది విట్నెస్

పదహారేళ్ళ అమ్మాయి తల్లి మాట కాదని ఒక రాత్రి బయటికి వెళ్ళి, రష్యన్ మాఫియా చేసిన హత్య చూస్తుంది. పన్నెండేళ్ళ తర్వాత ఆర్కన్సాలో చిన్న ఊళ్ళో, పేరు మార్చుకుని, చుట్టూ కెమెరాలూ తాళాలూ, పక్కన బెర్ట్ అనే పెద్ద కుక్కతో బతుకుతుంటుంది. ఆ ఊరి పోలీసు అధికారి బ్రూక్స్ ఆమె దగ్గరికి నిదానంగా, ఓపికగా వస్తాడు.

నా కొలత ప్రకారం ముడి వదులే. అతని మీద మనకి అనుమానం ఎప్పుడూ రాదు, ప్రమాదమంతా బయటినుంచే. కానీ ఇందులో వేరే మంచి ఉంది. పన్నెండేళ్ళు ఎవరినీ నమ్మకుండా బతికిన మనిషి, తలుపు తియ్యడం మళ్ళీ ఎలా నేర్చుకుంటుందన్నదే కథ. మనసు అలసిపోయి ఉన్న రోజుల్లో చదవడానికి ఐదింటిలో ఇదే మేలు.

## వెరిటీ

లోవెన్ అనే, పెద్దగా పేరు రాని రచయిత్రిని, ప్రమాదం తర్వాత మంచం పట్టిన ప్రసిద్ధ రచయిత్రి వెరిటీ రాయాల్సిన మిగతా నవలలు పూర్తి చేయమని ఆమె భర్త జెరెమీ ఇంటికి పిలుస్తాడు. ఆ ఇంట్లో లోవెన్‌కి వెరిటీ రహస్యంగా రాసుకున్న ఆత్మకథ దొరుకుతుంది. ఒక అధ్యాయం ఇల్లు, ఒక అధ్యాయం ఆ రాతప్రతి. అందులో చదివింది అదే ఇంట్లో మంచం మీదున్న మనిషి గురించి. పుస్తకం కింద పెట్టడం నిజంగా కష్టం.

పిల్లల మీద హింస ఉంది, పడకగది సన్నివేశాలు దాపరికం లేకుండా ఉన్నాయి. అవి కుదరనివాళ్ళు దీని జోలికి పోవద్దు. చదివినవాళ్ళు చివర్లో రెండు వర్గాలుగా చీలిపోతారు, ఆ వాదన ఎడతెగదు. ప్రేమలో వెచ్చదనం కోరేవాళ్ళకి ఇక్కడ దొరికేది చాలా తక్కువ. వాక్యాలు చిన్నవి, మాటలు రోజూ వినేవి. ఇంగ్లీషు నవల ఒక్కటైనా చివరిదాకా చదవాలని పట్టుదలగా ఉండి, విషయం తట్టుకోగలిగిన పెద్దవాళ్ళకి ఇది సాయపడుతుంది.

## మీరు ఎలాంటి పాఠకులు

తెలుగు వారపత్రికల్లో సీరియళ్ళు చదివి పెరిగినవాళ్ళకి ప్రతి భాగం చివరా ఒక కొక్కెం ఉండాలి, వచ్చే వారం దాకా అది గుచ్చుతూనే ఉండాలి. మీరు ఆ కోవలోవారైతే 'వెరిటీ'. ఆ చీకటి వద్దనుకుంటే 'నైన్ కోచెస్'. 'రెబెకా' మాత్రం మొదటి పుస్తకంగా వద్దు, రెండు మూడు చదివాక దాని దగ్గరికి వెళ్తే నిదానం కూడా రుచిస్తుంది.

ఇంటర్ చదివే అమ్మాయికో అబ్బాయికో కొనిస్తున్నారా? మేరీ స్టూవర్ట్ ఒక్కరే నిశ్చింతగా ఇవ్వదగ్గ పేరు. రాబ్, హూవర్ పెద్దవాళ్ళకే.

భర్త అధికారం చెలాయించే కథలంటే ఒళ్ళు మండేవాళ్ళు మాక్సిమ్‌తో వేగలేరు. వాళ్ళకి ఈవ్ డాలస్ నచ్చుతుంది. వాళ్ళింట్లో ఉద్యోగం, తుపాకీ, నిర్ణయం ఆమెవి. అతను డబ్బున్నవాడే గానీ ఆమె పనికి అడ్డుపడితే మాట పడాల్సిందే.

పుస్తకం మూసేశాక కూడా వారం పాటు ఆలోచిస్తూ ఉండాలనుకుంటే 'రెబెకా'ని మించింది ఈ జాబితాలో లేదు. నవల పూర్తిచేశాక గానీ దాని మొదటి అధ్యాయం సరిగ్గా అర్థం కాదు. అందుకని పూర్తయ్యాక ఆ మొదటి పేజీలు తప్పకుండా మళ్ళీ చదవండి.

## చదివాక రాయడం: మూడు దారులు

ఈ నవలల మీద సమీక్ష రాయడం మామూలు నవల మీద రాసినట్టు కాదు. ఒక్క వాక్యం తేడా వస్తే అవతలివాళ్ళకి చదివే ఆనందమే పోతుంది. ఎవరి కోసం రాస్తున్నారన్నదాన్నిబట్టి దారి ఎంచుకోవాలి.

కొనాలా వద్దా తేల్చుకునేవాళ్ళ కోసం. పొట్టిగా ఉండాలి, కథలో మొదటి మూడో వంతు దాటకూడదు. 'రెబెకా' అయితే పెళ్ళి, మాండర్లీ, ఇల్లు చూసే డాన్వర్స్ అనే ఆవిడ ద్వేషం, అంతే. చాలామంది చేసే పొరపాటు "చివర్లో దిమ్మతిరిగే ట్విస్ట్ ఉంది" అని రాయడం. ట్విస్ట్ ఏమిటో చెప్పలేదు కదా అనుకుంటారు. కానీ ఆ మాట విన్న పాఠకుడు మొదటి పేజీ నుంచే ప్రతి పాత్రనీ అనుమానిస్తాడు. రచయిత కష్టపడి కట్టిన నమ్మకం పునాదే లేచిపోతుంది. ఇంకో రకం ఉంది: "అతను మంచివాడని తేలాక ఊపిరి పీల్చుకున్నాను." ఈ ఒక్క మాటతో నవల మొత్తం అయిపోయింది. దాని బదులు "అతని మీద అనుమానాన్ని ఎక్కడా సడలనివ్వలేదు" అని రాస్తే రచయిత పనితనం తెలుస్తుంది, రహస్యమూ బయటపడదు. హింస గురించిన హెచ్చరిక మాత్రం దాచకండి. ఎవరు ఎవరికి చేశారో చెప్పనక్కర్లేదు, ఏ రకం హింసో చెబితే చాలు.

చదివేసినవాళ్ళతో మాట్లాడుకోవడం కోసం. పైనే ఒక హెచ్చరిక పెట్టి, అన్నీ విప్పి మాట్లాడొచ్చు. 'వెరిటీ' లాంటి నవలకి ఇదే సరైన దారి. ముగింపు గురించి మాట్లాడకుండా దాని గురించి చెప్పగలిగేది సగమే. ఇక్కడ లోటల్లా కొత్త పాఠకులు మీ దగ్గరికి రాలేరు.

నిదానంగా, లోతుగా రాసే విమర్శ. దీనికి రెండోసారి చదవక తప్పదు. మొదటిసారి భయం మనల్ని పరిగెత్తిస్తుంది, రెండోసారి గానీ రచయిత ఆధారాలు ఎక్కడ పెట్టారో, న్యాయంగా పెట్టారో లేదో కనపడదు. ముగింపులో బయటపడిన సంగతికి ముందు ఒక్క జాడ కూడా లేకపోతే అది మోసం, ఆ మాట నిర్మొహమాటంగా రాయాలి. కాలాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. మాక్సిమ్ మాట తీరు 1938 నాటిదని వివరించాలి, అలాగని అది ఇవాళ మీకు ఎలా తగిలిందో చెప్పకుండా ఉండకూడదు.

మొదటిసారి సమీక్ష రాస్తున్నవాళ్ళకి మొదటి దారే మంచిది. కొలవడం వస్తేనే లోతుకి వెళ్ళడం వస్తుంది. చదువుతున్నప్పుడు పుస్తకం మూడో వంతు దగ్గర ఒకసారి, మూడింట రెండొంతుల దగ్గర ఒకసారి ఆగి, అప్పటికి మీకు ఎవరి మీద అనుమానం ఉందో పేరు రాసి పెట్టుకోండి. పూర్తయ్యాక ఆ కాగితం లేకపోతే "నేను ముందే కనిపెట్టాను" అని మనసు మనల్ని నమ్మించేస్తుంది.

నక్షత్రాలు ఇచ్చే అలవాటుంటే ఒక్క అంకె ఇవ్వకండి. ప్రేమకి వేరుగా, సస్పెన్స్‌కి వేరుగా ఇవ్వండి. 'ది విట్నెస్'కి నేను ప్రేమలో 5కి 4, సస్పెన్స్‌లో 3 ఇస్తాను. రెండూ కలిపి మూడున్నర అంటే చదివేవాళ్ళకి ఏమీ తెలియదు. విడిగా చెబితే, వెచ్చదనం కోసం వెతుకుతున్నవాళ్ళు కొనుక్కుంటారు, వణుకు కోసం వచ్చినవాళ్ళు వేరేది చూసుకుంటారు. వరస నవలలైతే ఎన్నోది చదివారో, ముందువి చదవకపోయినా అర్థమవుతుందో లేదో కూడా ఒక వాక్యంలో రాయండి. 'నేకెడ్ ఇన్ డెత్' మొదటిది కాబట్టి దానికి ఆ చిక్కు లేదు. ఇరవయ్యోది చేతికొచ్చినవాళ్ళు మాత్రం మీ మాట కోసమే వెతుకుతారు.